రంగు కాగితం నేర్పే చదువు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు వసంతాలు నిండిన విద్యాలయంలో మాట్లాడే వక్తలు సాధారణంగా విజ్ఞానశాస్త్రాన్ని గురించో, దేశ భవిష్యత్తును గురించో ప్రసంగిస్తారు. నేను ఎంచుకొన్న విషయం అంతకంటె చాలా చిన్నది. పండుగ పూట పిల్లలు చేసే కాగితపు తోరణాలు, పువ్వులు, చుక్కలు, అరచేతిలో ఇమిడే బొమ్మరిళ్ళు, వీటిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. ఇంతటి సభలో ఇంత అల్పమైన విషయమా అని ఎవరికైనా తోచవచ్చు. కాని చిన్నదానిని చులకన చేయకూడదని చెప్పడానికి మస్కికంటె తగిన చోటు మరొకటి లేదు.

మన కొండ మీది అశోకుని శిలాశాసనాన్ని 1915లో బంగారు గనుల ఇంజనీరు బీడన్ వెలుగులోకి తెచ్చాడు. అంతకు ముందు లభించిన శాసనాలలో ‘దేవానాంప్రియ’, ‘ప్రియదర్శి’ అన్న బిరుదులే ఉండగా, ‘అశోక’ అన్న పేరు తొలిసారిగా ఈ రాతి మీదనే చదువగలిగారు. ఈ సంగతి మన పిల్లలందరికీ తెలుసు. కాని ఆ శాసనం చెప్పే విషయం అంతగా తెలియదు. ఉన్నతమైన ఫలం గొప్పవారికే దక్కుతుందని భావించరాదనీ, ధర్మమందు నిలిచిన చిన్నవాడు సైతం దానిని అందుకోగలడనీ దాని సారాంశం. చిన్న చేతులు చేసిన చిన్న పనిని గురించి ఇక్కడ మాట్లాడడానికి ఇంతకంటె అండ నాకేమి కావాలి?

ఇక మన పండుగల సంగతి చూడండి. 1953లో తుంగభద్ర జలాశయం నుండి నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ కింద భూములను సాగు చేయడానికి కోస్తా జిల్లాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ సీమకు తరలివచ్చాయి. సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతాలలో వారు నెలకొల్పుకొన్న ఊళ్ళను నేటికీ ‘క్యాంపు’లనే పిలుస్తున్నాం. వారు నాగలితోపాటు సంక్రాంతి బొమ్మల కొలువును కూడా వెంట తెచ్చుకొన్నారు. అద్దపు ముక్కను చెరువుగా అమర్చి, పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లి పచ్చని పైరు మొలిపించి, అగ్గిపెట్టెలతో ఇళ్ళు కట్టి, ఒక పల్లెటూరిని మెట్ల పక్కన నిలిపే వేడుక అది.

ఇక్కడ వారికి ఎదురైనదీ తక్కువది కాదు. మనం ఏరువాక పున్నమి అనే నాడే కన్నడ సోదరులు కారహుణ్ణిమె జరుపుతారు. ఆ వెంటనే వచ్చే అమావాస్య నాడు మట్టితో జత ఎద్దులను చేసి పూజిస్తారు. దానికి ‘మణ్ణెత్తిన అమావాస్య’ అని పేరు. దీపావళికి వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి ‘ఆకాశబుట్టి’ని వ్రేలాడదీస్తారు, కార్తీకంలో మనం ఎత్తే ఆకాశదీపానికి అది సోదరి వంటిది. మన జిల్లాలోనే ఉన్న ముద్గల్ మొహర్రం వేడుకలో హిందువులు, మహమ్మదీయులు కలిసి పాల్గొంటారు. ఆ పండుగకు కట్టే తాబూతులకు కూడా వెదురు బద్ద, రంగు కాగితమే ఆధారం. క్రిస్మస్ నాడు వాకిట వెలిగే చుక్క సైతం కాగితపు చుక్కే. మతాలు వేరు, భాషలు వేరు. కత్తెర, కాగితం, జిగురు మాత్రం అందరివీ ఒకటే.

జిగురు మాట వచ్చింది గనుక ఒక విశేషం చెప్పాలి. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కే కళాకారులు, విడివిడిగా చేసిన అవయవాలను అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దను వాడతారు. దానిని మక్కు అంటారు. ఇటు కొప్పళ దగ్గరి కిన్నాళ ఊరిలో తరతరాలుగా కొయ్య బొమ్మలు చేస్తున్నారు. 1997లో కొప్పళ ప్రత్యేక జిల్లా అయ్యే వరకు ఆ ఊరు మన రాయచూరు జిల్లాలోనిదే. అక్కడి వారు గోనె పీచును నానబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి, రంపపు పొట్టుతోను చింతగింజల జిగురుతోను కలిపి ‘కిట్ట’ అనే ముద్ద తయారు చేస్తారు. ఈ రెండు ఊళ్ళ మధ్య ఎన్నో నదులు, ఎన్నో కొండలు ఉన్నాయి. అయినా అక్కడి తెలుగు బొమ్మనూ ఇక్కడి కన్నడ బొమ్మనూ నిలబెట్టేది ఒకే చింతగింజ. ఈ సీమలో తెలుగు చదువుకొనే మన పిల్లలకు ఇంతకంటె మంచి పాఠ్యాంశం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

కాగితపు పని మన ఇండ్లకు కూడా కొత్త కాదు. చేటలకు, గంపలకు సందులు పూడ్చడానికి పాత కాగితాలను నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి పూయడం పల్లెటూరి తల్లులకు వెన్నతో పెట్టిన విద్య. మెంతుల జిగట గుజ్జును పట్టి ఉంచుతుంది. వాటి చేదుకు పురుగు చేరదని వారి అనుభవం. ఆ గుజ్జుతోనే చిన్న పళ్ళు, కాయలు, చిలకలు చేసి రంగులు వేస్తే కొలువులో పెట్టుకోవచ్చు. జిగురు కోసం దుకాణానికి పోనవసరం లేదు. చింతగింజలను వేయించి, పై పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీళ్ళతో ఉడికిస్తే చిక్కని జిగురు సిద్ధమవుతుంది. పూర్వం కొందరు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లల చేతికిచ్చే జిగురులో దానిని కలపరాదు. ఏ రోజు జిగురు ఆ రోజే వండుకోవడం మేలు.

దీనివల్ల చదువుకు కలిగే లాభమేమిటని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. సమాధానంగా రెండు నిదర్శనాలు చెబుతాను. జర్మనీ దేశంలో నీస్కీ అనే ఊరిలో ఒక బాలుర పాఠశాల ఉండేది. 1821లో ఆ పాఠశాల 50 సంవత్సరాల ఉత్సవానికి 110 కొనలు గల కాగితపు నక్షత్రాన్ని తయారు చేసి వెలిగించారు. ఆ ప్రాంతపు మొరేవియన్ పాఠశాలలలో ఇటువంటి నక్షత్రాలను జ్యామితి పాఠంలో భాగంగా విద్యార్థుల చేతనే చేయించేవారు. 1880 ప్రాంతంలో పీటర్ వెర్బీక్ అనే పూర్వ విద్యార్థి వాటిని చేసి అమ్మడం ప్రారంభించగా, అది క్రమంగా ఒక పరిశ్రమ అయింది. నేడు ఎక్కువగా కనిపించే నక్షత్రానికి 25 కొనలు ఉంటాయి: 17 చతురస్రం మీద లేచినవి, 8 త్రికోణం మీద లేచినవి. ఒక పాఠశాల జూబిలీకి వెలిగిన కాగితపు చుక్క రెండు వందల సంవత్సరాలు దాటినా ఆరిపోలేదన్నమాట.

రెండవ నిదర్శనం మన దేశానిదే. 1893లో మద్రాసు నుండి టి. సుందరరావు గారు కాగితపు మడతలతో జ్యామితిని బోధించే ఆంగ్ల గ్రంథాన్ని ప్రచురించారు. జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ పసిపిల్లల కోసం ఏర్పరచిన మడతల పనే ఆయనకు ప్రేరణ. గీతబద్ద, వృత్తలేఖిని లేకుండా ఒక చదరపు కాగితాన్ని మడచి సమబాహు త్రిభుజం మొదలుకొని ఎన్నో ఆకృతులను ఆయన సాధించి చూపారు. గొప్ప గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ గ్రంథాన్ని ప్రస్తావించాడు. 1901లో అది అమెరికాలో పునర్ముద్రణ పొందింది. చిన్నపిల్లల మడతలు ప్రపంచపు గణితవేత్తల బల్ల మీదికి ఎక్కాయి.

మన తరగతిలోనే పరీక్షించి చూద్దాం. 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు గల మామూలు కాగితాన్ని 3 సెంటీమీటర్ల పట్టీలుగా అడ్డంగా కత్తిరిస్తే 9 పట్టీలు వస్తాయి. కొసలు 2 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు అంటిస్తే చుట్టుకొలత 19, వ్యాసం సుమారు 6 సెంటీమీటర్లు గల వలయం ఏర్పడుతుంది. వలయాలు గుండ్రంగా నిలిచేటట్లు గొలుసు కడితే 10 మీటర్ల తోరణానికి దాదాపు 170 వలయాలు, అనగా 19 కాగితాలు కావాలి. చుట్టుకొలత, వ్యాసం, భాగహారం మూడూ ఒక్క తోరణంలో ఉన్నాయి. మిగిలిన ఒక పొడవైన పట్టీని మామూలు ముడి వేసి నలగకుండా అదిమితే క్రమ పంచభుజి వస్తుంది. ఒక కొసను వెనుకకు మడచి వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల ఐదు కోణాల చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కను చూసిన పిల్లవాడికి పంచభుజి అంటే ఏమిటో మళ్ళీ బట్టీ పట్టించనక్కరలేదు.

ఇవి నా ఒక్కడి అభిప్రాయాలు కావు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో మహాత్మాగాంధీ చేతిపనినే చదువుకు కేంద్రంగా నిలపాలన్నారు. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమను పాఠశాలలలో ప్రవేశపెట్టాలని సూచించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల మధ్య పది రోజులపాటు సంచీ లేని చదువు ఉండాలని, ఆ రోజులలో స్థానిక వృత్తికారుల వద్ద నేర్చుకోవాలని పేర్కొన్నది. విధానాలు కాగితం మీదనే ఉండిపోతున్నాయన్న విమర్శ మనం తరచు వింటుంటాం. ఈ ఒక్క విషయంలో కాగితమే కార్యక్షేత్రం కనుక, ఆ సాకు మనకు చెల్లదు.

అయితే ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పండుగ అలంకరణ బజారు సరుకైపోయింది. మెరిసే ప్లాస్టిక్ తోరణం ఒక్కపూట వ్రేలాడి మరునాడు మురుగు కాలువలో పడుతున్నది. 2022 జులై 1 నుండి ప్లాస్టిక్ జెండాలను, అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, బుడగల ప్లాస్టిక్ పుల్లలను మన దేశంలో నిషేధించారు. నిషేధం పుస్తకంలో ఉన్నంత మాత్రాన సరిపోదు; దాని స్థానంలో పెట్టుకోవడానికి మన చేతిలో మరొకటి ఉండాలి. కాగితపు జాతీయ పతాకానికి సైతం నియమం ఉన్నది. ఉత్సవం ముగిసిన తరువాత దానిని నేలపై పారవేయరాదనీ, ఏకాంతంగా, గౌరవంగా విసర్జించాలనీ పతాక నియమావళి చెబుతున్నది. తాను చేసిన దానిని పిల్లవాడు పారవేయడు. కొన్నదానిని పారవేయడానికి వెనుదీయడు.

మరొక విచారకరమైన అలవాటు కూడా ఉన్నది. పిల్లవానికి ఇచ్చిన చేతిపనిని తల్లి రాత్రంతా మేలుకొని పూర్తి చేయడం, లేదా తండ్రి తయారైనది కొని తేవడం. దానికి మనం మార్కులు వేస్తాం! అమ్మలారా, అయ్యలారా, వంకర తోరణమే కట్టనివ్వండి. ఐదు రేకుల పువ్వుకు నాలుగే వచ్చినా గోడకు అంటించనివ్వండి. వచ్చే ఏడు ఐదవ రేకు దానంతట అదే వస్తుంది.

నా మాటలలో అసలైన ఆందోళన ఒకటి మిగిలి ఉన్నది. కన్నడ దేశంలో తెలుగు మాధ్యమాన్ని నిలుపుకోవడం ఎంత కష్టమో ఈ సభలో ఉన్న పెద్దలకు నేను చెప్పనవసరం లేదు. బడిలో చేర్చేటప్పుడు ప్రతి తండ్రీ ఒక్క క్షణం తటపటాయిస్తాడు. భాష పాఠ్యపుస్తకంలో మాత్రమే ఉంటే అది పరీక్షతోపాటే ముగుస్తుంది. పనిలో ఉన్న భాష చేతిలో ఉంటుంది. మడత, అతుకు, కుచ్చు, కొస, అంచు, పురి, ముడి అన్న మాటలు నిఘంటువులో వెదకి నేర్చుకొనేవి కావు. తోరణం కట్టేటప్పుడు పక్కవాడితో మాట్లాడి నేర్చుకొనేవి. మన తోరణాన్ని కన్నడంలోనూ తోరణ అనే అంటారు. మన కత్తెర వారి కత్తరి. మన కాగితం వారి కాగద. మన బొమ్మ వారి గొంబె. మనం జిగురు అనే దానిని వారు అంటు అంటారు. మన ‘అంటుకొను’ అన్న క్రియలో అదే మాట దాగి ఉన్నది. ఒక బల్ల చుట్టూ కూర్చుండి పని చేసే పిల్లలకు పొరుగు భాష పరాయిది కాదు, సొంత భాష బరువు కాదు.

కాబట్టి ఈ జూబిలీ సందర్భంగా నాలుగు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది, వారానికి ఒక్క పీరియడు చేతిపనికి కేటాయించి, దానిని మరే పరీక్షకూ ధారపోయకుండా కాపాడండి. రెండవది, సంవత్సరంలో వచ్చే పండుగలను తరగతులకు పంచి, ఆయా అలంకరణ బాధ్యతను పూర్తిగా పిల్లలకే అప్పగించండి. పాత నోటు పుస్తకాలు, వార్తాపత్రికలు, శుభలేఖలు తప్ప వేరే కాగితం కొనకూడదన్న నియమం పెట్టండి. మూడవది, ఆ పనిలో దొర్లిన ప్రతి మాటనూ తెలుగు, కన్నడ భాషలలో పక్కపక్కన వ్రాసే ఒక పుస్తకాన్ని పిల్లల చేతనే నడిపించండి. నాలుగవది పూర్వ విద్యార్థులకు. మీరు ఇచ్చే విరాళం అమూల్యమే. దానితోపాటు సంవత్సరానికి ఒక్క పూట ఇక్కడికి వచ్చి, మీకు వచ్చిన ఒక్క మడతను ఒక్క తరగతికి నేర్పి వెళ్ళండి.

వచ్చే సంక్రాంతికి మన పాఠశాల కొలువులో ఒక చిన్న మస్కిని చూడాలని నా కోరిక. కాగితపు గుజ్జుతో కొండ, కొండ మీద మల్లికార్జునుని గుడి, ఒక పక్క శాసనపు రాయి, మరొక పక్క నీలి కాగితపు తుంగభద్ర కాలువ, దాని ఒడ్డున అగ్గిపెట్టెల ఊరు, ఊరి నడుమ మన బడి ఉండాలి. ఆ బడిని ఏ తరగతి కడుతుందో ఉపాధ్యాయులు ఈ వారంలోనే నిర్ణయిస్తారని ఆశిస్తున్నాను.