బిడ్డ పోషణ మన ఓర్పుకు బందీ కారాదు
(తిరుపతిలో జమాఅత్ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా నా ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్యనే గడిచింది. దస్త్రంలో లేని మాట చెల్లదని నాకు తెలియనిది కాదు. అయినప్పటికీ ఒక ఆరేళ్ల ఆడబిడ్డ విషయంలో ఆ సంగతిని మరచాను. ఆ పొరపాటును మీ ముందుంచడానికే నేడు నిలబడ్డాను.

2019లో ఒక జంట విడిపోయింది. తండ్రి తిరుపతిలో యాత్రికుల కారు నడిపేవాడు. తల్లి బిడ్డతో శ్రీకాళహస్తిలోని పుట్టింటికి చేరింది. నేనూ, మరి ఇద్దరు పెద్దలూ కూర్చొని మాట్లాడాము. బిడ్డ తల్లి వద్ద ఉండాలి, తండ్రి నెలకు నాలుగు వేలు ఇవ్వాలి, ఆదివారాలు వచ్చి బిడ్డను చూసుకోవాలి. అందరూ సరేనన్నారు. దుఆ చేసి లేచాము. కాగితం మీద ఒక్క అక్షరమూ పెట్టలేదు.

మరుసటి ఏడాది కరోనా వచ్చింది. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. జూన్‌లో గాని తిరిగి మొదలు కాలేదు. యాత్రికులు లేని తిరుపతిలో కారు నడిపేవానికి సంపాదన ఎక్కడిది? మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. శ్రీకాళహస్తిలో కేసులు పెరిగి రాకపోకలు బందయ్యాయి. "బిడ్డను చూపనివారికి డబ్బెందుకు?" అని తండ్రి, "డబ్బు పంపనివానికి బిడ్డనెందుకు చూపాలి?" అని తల్లి తరఫువారు. చివరకు ఫోనులో ముఖం చూపించడం కూడా మానేశారు.

ఆమె మా వద్దకు కబురు పంపింది. "ఓర్చుకో అమ్మా, కోర్టుకెక్కితే జమాఅత్ పరువు పోతుంది" అన్నాము. ఆమె ఎనిమిది నెలలు ఓర్చుకుంది. చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. డిసెంబరులో కోర్టులో దరఖాస్తు చేసుకుంది. పోషణ భత్యాన్ని దరఖాస్తు చేసిన తేదీ నుండి ఇప్పించాలని 2020 నవంబరు 4న రజనీష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తుకు ముందు మా మాట విని ఆగిన ఆ ఎనిమిది నెలలు మాత్రం బిడ్డకు దక్కలేదు. అందుకు జవాబుదారులము మేమే.

ధర్మం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని బాధించరాదని సూరా బఖరా 233వ ఆయత్ బోధిస్తున్నది. స్తోమత తగ్గినవాడు తనకున్న దానిలోనే ఖర్చు చేయాలని సూరా తలాఖ్ చెబుతున్నది. తగ్గించి ఇవ్వవచ్చునే గాని, ఆపడానికి అనుమతి లేదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం మగబిడ్డ ఏడేళ్ల వరకు, ఆడబిడ్డ యుక్తవయస్సు వరకు తల్లి సంరక్షణలో ఉంటారు; అప్పుడు కూడా నఫఖా భారం తండ్రిదే.

చట్టమూ అంతే. విడాకుల తరువాత కూడా పిల్లల పోషణ హక్కు 125వ సెక్షన్ కింద నిలుస్తుందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సెక్షన్ 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా మారింది. ఆదాయం పడిపోయిన తండ్రి మొత్తాన్ని తగ్గించమని 146వ సెక్షన్ కింద కోరవచ్చు. అతనికీ దారి ఉన్నది.

కనుక పెద్దలకు నా మనవి. ఇకపై మనం కుదిర్చే ప్రతి ఒప్పందాన్నీ కాగితంపై పెట్టి, అందులో నాలుగు సంగతులు తప్పక రాద్దాము.

మొదటిది, ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాకు పంపాలి.

రెండవది, సంపాదన ఆగితే కనీసం ఎంత పంపాలి, మళ్లీ ఎప్పుడు కూర్చోవాలి.

మూడవది, ప్రయాణం వీలుకానప్పుడు వీడియో కాల్ ఏ వేళకు. బిడ్డతో రోజూ కొన్ని నిమిషాలైనా మాట్లాడే హక్కు గురించి 2020 జనవరిలోనే యశిత సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నాలుగవది, బిడ్డను చూసుకునేవారు ఆసుపత్రి పాలైతే బిడ్డ ఎవరి వద్ద ఉండాలి, ఆధార్, జనన ధృవపత్రం ఎక్కడ ఉన్నాయి. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక రోగులు మరణించిన సంగతి తెలిసిన ఊరు మనది. ఈ ప్రశ్న అపశకునమని ఎవరూ అనరాదు.

వీటన్నిటి కింద ఒక వాక్యం రాయండి: డబ్బుకూ, బిడ్డను చూడడానికీ ముడిపెట్టరాదు.

మన కాగితం కోర్టు ఉత్తర్వు కాదు. దానిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ ముందుంచి అవార్డు పొందితే అది డిక్రీతో సమానమవుతుంది. మహిళలకు, పిల్లలకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. ఫోను నంబరు 15100. కోర్టు ఉత్తర్వు ఉండి కూడా డబ్బు రాకపోతే, బాకీ పడిన ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు చేయాలి. ఆలస్యం చేస్తే ఆ బాకీ చేజారుతుంది.

ఆ ఆడబిడ్డ ఇప్పుడు పెద్ద తరగతులకు వచ్చింది. పండుగనాడు తండ్రి వద్దకు వెళ్లి వస్తున్నది. నన్ను చూస్తే "నానా" అని సలాం చేస్తుంది. జవాబు చెప్పేటప్పుడు ఆ ఎనిమిది నెలలు నాకు గుర్తుకు వస్తాయి.

సబ్ర్ గొప్ప గుణమే. కానీ దానిని మనం ఆచరించాలి, ఆకలిగొన్న బిడ్డ చేత చేయించకూడదు. అల్లాహ్ మనందరికీ అమానతును కాపాడే శక్తినిచ్చుగాక. ఆమీన్.