నర్సు చదువు – అప్పు లెక్క
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన చింతూరులో చాలా ఇళ్లల్లో ఒకటే మాట. పిల్లను నర్సింగులో వేద్దామా అని. వేయండి అనే మేమూ అంటాము. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలా శబరీ గోదావరీ పొంగి దారులు మూసుకునే ప్రాంతంలో నర్సమ్మ విలువ ఎంతో ఒకరు చెప్పక్కర్లేదు. కనుక ఈ పూట మేము మనవి చేసేది చదివించాలా వద్దా అని కాదు, ఎంత అప్పు మీద చదివించాలి అని.

ముందు ఒక లెక్క చూద్దాం. బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేళ్లు. ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు బ్యాంకులో తీశామనుకోండి, వడ్డీ నూటికి ఏడాదికి 10 అనుకోండి. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదు. కానీ వడ్డీ నిద్రపోదు. ఐదేళ్లు తిరిగేసరికి బాకీ 5 లక్షల 40 వేలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు. మొత్తం కట్టేది 8 లక్షల 56 వేల పైచిలుకు.

ఇప్పుడు జీతం సంగతి. చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో కొత్తగా చేరిన పిల్లకు 15 వేలు ఇచ్చారనుకుందాం. గదికీ తిండికీ 6 వేలు పోతే మిగిలేది 9 వేలు. అందులో బ్యాంకు వాయిదా పోగా చేతికి రెండు వేలైనా రావు. అదే 4 లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చామా, నెలకు 8 వేలు వడ్డీకే సరి. అసలు అసలుగానే ఉంటుంది. పిల్ల రాత్రి డ్యూటీలు చేసేది ఇంటికోసం కాదు, వడ్డీ వ్యాపారి కోసం అవుతుంది.

"సర్కారు ఉద్యోగం వస్తుంది కదా" అంటారు. రావచ్చు. ఎయిమ్స్ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుకు మూల వేతనమే 44,900. కానీ ఆ పరీక్షకు దేశమంతటి పిల్లలూ కూర్చుంటారు. ప్రైవేటు ఆస్పత్రుల జీతాలపై సుప్రీంకోర్టు 2016లో కమిటీ వేయమంది. 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నర్సుకు 20 వేలకు తక్కువ ఇవ్వకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. చెప్పింది వేరు, చేతికొచ్చేది వేరు. అప్పు లెక్క వేసేది చేతికొచ్చే జీతం మీదనే. వాయిదా మొదటి జీతంలో నాలుగో వంతు దాటకూడదని మా సూచన. 15 వేల జీతానికి 3,750 అన్నమాట. అంతకు మించిన అప్పు ఏ కాలేజీ పేరు చెప్పినా వద్దు.

మన ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ప్రకారం ఇక్కడి స్థిరాస్తి గిరిజనేతరుల పేరు మీదికి బదలాయించడానికి వీల్లేదు. గిరిజనుల భూమి నిలవడానికి వచ్చిన చట్టం అది, మంచిదే. అయితే అవసరానికి ఇల్లు అమ్మి అప్పు తీరుద్దాం అనుకుంటే మనకు కొనేవాళ్లు అంత తేలిగ్గా దొరకరు. కనుక ఇంటిని నమ్ముకుని అప్పు చేయకండి. బ్యాంకుల మాదిరి పథకంలో 7 లక్షల 50 వేల దాకా చదువు అప్పుకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. వడ్డీకి మనసొప్పని కుటుంబాలు మనలో ఉన్నాయి, వారి మాట మాకు గౌరవమే. కానీ బ్యాంకు వడ్డీ వద్దని రెండు రూపాయల వడ్డీకి పోవడం ఏ లెక్కనా సరి కాదు.

మరి దారి ఏమిటి? అప్పు తగ్గించడమే దారి. మొదటిది, కన్వీనరు కోటా సీటుకు గట్టిగా ప్రయత్నించాలి. మేనేజ్‌మెంటు సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆశ పెట్టుకోవద్దు. 2007 చట్టం ప్రకారం షేక్ వంటి వారికి బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల వారు బి.సి.-బి. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు బి.సి.-ఇలో లేవు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఫలితాలకు ముందే తీసి పెట్టుకోవాలి. 2014లో మన మండలం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలోకి వచ్చింది. భద్రాచలం దగ్గరే అయినా అది పక్క రాష్ట్రం. అక్కడ చేరితే ఫీజు రాయితీ సంగతి ఏమిటో చేరకముందే కనుక్కోవాలి.

రెండోది, జి.ఎన్.ఎం. కోర్సును చిన్నచూపు చూడకండి. మూడేళ్లే. బైపిసి కానివాళ్లూ చదవవచ్చు. ఏడాదికి 60 వేల చొప్పున తీసినా, అదే వడ్డీకి పదేళ్ల వాయిదా నెలకు సుమారు 3,100. తర్వాత ఉద్యోగం చేస్తూ కూడబెట్టి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. చదువుకోవచ్చు. 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేసిన జి.ఎన్.ఎం. పిల్లలు ఎయిమ్స్ పరీక్షకూ అర్హులే. బి.ఎస్‌సి. సీటు తక్కువ ఫీజుకు దొరికితే అదే మేలు, సందేహం లేదు. దొరకనప్పుడు తలకు మించి కొనక్కర్లేదు.

మూడోది, గల్ఫు జీతం చూపించి ఇక్కడ ఫీజు కట్టించే వారి మాట వినకండి. 2015 నుంచి సౌదీ, కువైట్ వంటి దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం ఉంది. జర్మనీ అంటే భాషలో బి-2 స్థాయి దాటాలి. ఆ జీతం వస్తే అల్‌హందులిల్లా, కానీ రాకముందే ఖర్చు పెట్టకూడదు.

కాలేజీకి వెళ్లినప్పుడు భవనం చూసి మురిసిపోవద్దు. సొంత ఆస్పత్రి ఉందా, పడకల మీద రోగులున్నారా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద రాసిస్తారా, పోయినేడు చదువు ముగించిన పిల్లలు ఎక్కడ ఎంతకు చేస్తున్నారు – ఇవి అడగాలి. ఆ పిల్లల్లో ఇద్దరితో మన పిల్ల స్వయంగా మాట్లాడాలి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఫలితాలు రాగానే ఒక ఆదివారం బ్యాంకు ఉద్యోగం చేసిన పెద్దలు, నర్సులుగా ఉన్న మన ఆడపిల్లలు ఒకచోట కూర్చుని, వచ్చిన ప్రతి కుటుంబానికీ ఈ లెక్క వేసి పెట్టాలి. మొదటి ఏడాది ఫీజుకు తగ్గిన నాలుగైదు వేలు వడ్డీ లేకుండా సర్దే చిన్న నిధి పెట్టాలి. ఇచ్చింది, తిరిగి వచ్చింది పుస్తకంలో రాయాలి. ఖురానులో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ అప్పును రాసి పెట్టుకోమనేదే కదా.

ఆడపిల్ల తెల్ల కోటు వేసుకున్న రోజు ఇల్లంతా సంతోషించాలి. ఆ సంతోషం జీతం వచ్చే ఒకటో తేదీన కూడా మిగలాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.