అఫ్జల్‌గంజ్ చింతచెట్టు: మనం వదలివెళ్లే జాడలు

సర్వలోకాలకు ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!



గతించిన జాతుల గాథలను దివ్యఖుర్ఆన్ మనకు కాలక్షేపం కోసం వినిపించలేదు. బుద్ధిమంతులకు వాటిలో గుణపాఠం ఉందని యూసుఫ్ సూరా చివరి వాక్యం బోధిస్తోంది. ఆశ్చర్యం కలిగించే సంఘటనలు దూరదేశాల చరిత్రలోనే ఉంటాయని మనం భావిస్తాం. అటువంటి ఒక సంఘటనకు సాక్షి మన విద్యానగర్‌కు కొద్ది మైళ్ల దూరంలో నేటికీ నిలిచి ఉంది. అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు.

అది హిజ్రీ 1326వ సంవత్సరం. పవిత్ర రమజాన్ మాసపు తొలి దినాలు. క్రీస్తుశకం ప్రకారం 1908 సెప్టెంబరు 28, సోమవారం. అంతకు ముందు నుంచే ఎడతెగని వాన. మూసీ పరీవాహకంలో రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. ఆ నీరంతా ఒక్కటై నగరం మీదికి వచ్చింది. ఉపవాస దీక్షలో ఉన్న ఇళ్లలోకి, దుకాణాలలోకి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోకి వరద ప్రవేశించింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ ఒక్కటే మిగిలింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. నగర జనాభాలో నాలుగో వంతు నిలువనీడ లేనివారయ్యారు. ఉర్దూ రుబాయీల కవిగా ప్రఖ్యాతి పొందిన అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ ఒక్క వరదలోనే పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. ఈ ఉపద్రవాన్నే మన పెద్దలు ‘తుగ్యానీ’ అని పిలిచేవారు.

సోదరులారా! ప్రాణభయంతో పరుగెత్తేవారు సహజంగానే బలమైన కట్టడాలను ఆశ్రయిస్తారు. ఆనాడు ఎందరో పేట్లబురుజు వద్ద కోటగోడ బురుజు పైకి ఎక్కారు. అది రాతి కట్టడం, శత్రువులను అడ్డుకోవడానికి కట్టినది. కొన్ని గంటల తరువాత ఆ బురుజే కూలి, తనను నమ్మినవారితో సహా ప్రవాహంలో కలిసిపోయింది. అదే సమయంలో అఫ్జల్‌గంజ్‌లో సుమారు 150 మంది ఒక చింతచెట్టు ఎక్కారు. కింద వరద ఉరుకుతుండగా రెండు దినాలు ఆ కొమ్మలను పట్టుకుని ఉన్నారు. చెట్టు నిలిచింది. వారూ బ్రతికి బయటపడ్డారు.

ఈ వృత్తాంతం విన్నప్పుడు మనలో కొందరు తొందరపడి తీర్పు చెబుతారు. బ్రతికినవారు పుణ్యాత్ములని, మునిగినవారు శిక్షకు గురయ్యారని భావిస్తారు. ఈ ఆలోచన తప్పు. నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీద్ స్థానం ఉందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. బురుజు ఎక్కినవారి లెక్క, చెట్టు ఎక్కినవారి లెక్క అల్లాహ్ వద్ద ఉన్నాయి. తీర్పరులుగా మనల్ని ఎవరూ నియమించలేదు.

అయితే మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ చింతగింజను నాటిన చేయి ఎవరిది? చెట్టు వయస్సు నాలుగు శతాబ్దాలకు పైబడినదని చెబుతారు. నాటిన వ్యక్తి పేరు చరిత్రకు తెలియదు. తాను నాటిన మొక్క ఒకనాడు 150 ప్రాణాలను మోస్తుందని అతనికీ తెలియదు. బహుశా నీడ కోసమో, పులుపు కోసమో నాటి ఉంటాడు. ఒకవేళ అది పక్షి రాల్చిన గింజే అనుకున్నా, దానిని నరకకుండా ఉంచినవారు తరతరాలుగా ఎందరో ఉన్నారు. వారి పేర్లూ మనకు తెలియవు. అల్లాహ్‌కు మాత్రం అందరూ తెలుసు.

మనిషి ముందుగా పంపుకున్న కర్మలనే కాక, వెనుక వదలివెళ్లిన జాడలను కూడా అల్లాహ్ నమోదు చేయిస్తున్నాడని యాసీన్ సూరా మనకు తెలియజేస్తోంది. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తింటే అది అతని తరఫున దానంగా పరిగణించబడుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ప్రళయం ముంచుకొచ్చే వేళ చేతిలో మొక్క ఉంటే, వీలైతే దానిని నాటమని కూడా ఆదేశించారు. ఫలితాన్ని చూడటం మన బాధ్యత కాదు, నాటడమే మన బాధ్యత. మనం సమాధిలో ఉండగా కూడా మన కర్మకు అవసరమైన దినం రావచ్చు.

సోదరులారా! ఇదే నియమానికి రెండో వైపు కూడా ఉంది. మంచి జాడ శతాబ్దాల తరువాత ప్రాణాలు నిలిపినట్లే, చెడు జాడ కూడా తన దినం కోసం వేచి ఉంటుంది.

తుగ్యానీ తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిరాశ్రయుల కోసం రాజప్రాసాదాల ద్వారాలు తెరిపించారు. అన్నదాన కేంద్రాలు ఏర్పాటు చేయించారు. అంతటితో ఆగక, వరద మళ్లీ రాకుండా మార్గం చూపమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ ఆలోచన ఫలితంగానే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి తాగునీటినీ ఇచ్చాయి. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధకు ఇది ఒక ఉదాహరణ. దుఆ చేయాలి, కట్టవలసిన కట్టనూ కట్టాలి.

మరి మనం నేడు ఏమి చేస్తున్నాం? హుస్సేన్ సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్ మీదుగా, మన నివాసాలకు సమీపంగా ప్రవహించి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ దాని ఒడ్డున ఉన్న బస్తీలలోకి నీరు వచ్చిన సంగతి మనలో పెద్దలకు గుర్తుంది. వాన అల్లాహ్ ఆజ్ఞతో కురుస్తుంది. నాలాలో పేరుకున్న సంచులు, పాత పరుపులు, కూల్చిన ఇటుకలు మాత్రం మన చేతులు వేసినవే. ఖుర్బానీ వ్యర్థాలను చీకట్లో అందులో పారవేసి, తెల్లవారి నమాజుకు వచ్చి మొదటి వరుసలో నిలబడితే సరిపోతుందా? దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అయినప్పుడు, నీటి దారిలో బాధను పేర్చడం ఏ శాఖ?

చెరువు శిఖం భూమిని, నాలా ఒడ్డును ఆక్రమించేవారు ఒక హదీసును గుర్తుంచుకోవాలి. అన్యాయంగా జానెడు భూమి ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. పేదవాడు గత్యంతరం లేక అక్కడ గుడిసె వేసుకుంటే అతనికి మరో నీడ చూపడం సమాజ బాధ్యత. లాభం కోసం ఆ భూమిని అమ్మేవాడు, తెలిసీ కొనేవాడు మాత్రం ఎవరి ఇంటినో ముంచే నీటికి ఈనాడే దారి వేస్తున్నారు. ఆ నీరు వచ్చేసరికి వారు బ్రతికి ఉండకపోవచ్చు. కానీ వారి కర్మల పత్రం తెరిచే ఉంటుంది.

కనుక మూడు పనులకు సంకల్పం చేద్దాం. మొదటిది, ఈ వర్షాకాలంలో ఇంటికొక మొక్క నాటి, కనీసం రెండు వేసవులు దానికి నీరు పోసి నిలబెడదాం. రెండవది, నాలాలో ఏమీ వేయం, మన పిల్లలను వేయనివ్వం. ఖుర్బానీ వ్యర్థాలను మునిసిపల్ బండికే అప్పగిద్దాం. మూడవది, వరద వచ్చిన రాత్రి మన మస్జిద్ తలుపులు, మన మేడమెట్లు ఇరుగుపొరుగు వారందరికీ తెరిచి ఉంచుదాం. ఆనాడు చింతకొమ్మ తనను పట్టుకున్నవారి మతం అడగలేదు. మనమూ అడగకూడదు.

ఓ అల్లాహ్! తుగ్యానీలో మరణించిన విశ్వాసులను మన్నించు. మా నగరంపై కురిసే వానను కారుణ్యంగా చేయి, విపత్తుగా చేయకు. మేము పోయిన తరువాత మా వెనుక మిగిలే జాడలు ఇతరులకు నీడనిచ్చేవిగా చేయి, ఎవరినీ ముంచేవిగా చేయకు. ఆమీన్.