రూబెన్స్ రాసిచ్చిన యోగ్యతాపత్రం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభకు తగిన ఒక గురుశిష్యుల సంగతి చెబుతాను. వారిది నేటి బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం. 15వ శతాబ్దంలోనే అక్కడ ఏనుగు దంతాన్ని పలుచని పలకలుగా కోసి, క్రీస్తు జీవిత ఘట్టాలను సన్నని గీతలుగా చెక్కి, ఆ గీతల్లో రంగు నింపి, చెక్క పెట్టెలకు తాపడం చేసేవారు. 17వ శతాబ్దపు ఫ్లెమిష్ శిల్పులు ఉబ్బెత్తు బొమ్మలతో పేరు తెచ్చుకున్నారు.

దంతం పని కఠినం. ఏనుగు ప్రాణం తీసి తెచ్చిన సరుకు, పైగా ఖరీదైనది. మొదలు బోలుగా ఉంటుంది కనుక గట్టి ముక్క కొంచెమే దొరుకుతుంది. ఉలి ఒక్కసారి లోతుగా దిగితే పూడ్చే దారి లేదు.

అలాంటి దంతాన్ని ఆంట్‌వెర్ప్ చిత్రకారుడు రూబెన్స్ ఒక కుర్రాడి చేతికిచ్చాడు. పేరు లూకాస్ ఫైదెర్బె, ఊరు మెఖెలెన్. 1636లో వచ్చేనాటికి వయసు 19. గురువుది కుంచె, శిష్యుడిది ఉలి. అయినా ఇంట్లోనే ఉంచుకుని నేర్పాడు. 1638లో పల్లె నుంచి రాసిన ఉత్తరంలో, బయల్దేరే ముందు అన్నిటికీ తాళాలు వేయమనీ, అసలు చిత్రాలేవీ పైగదిలో వదలొద్దనీ చెప్పాడు. అంత నమ్మకం.

1640 ఏప్రిల్ 5న అతనికి యోగ్యతాపత్రం రాసిచ్చాడు. మూడేళ్లకు పైగా నా శిష్యుడు, దంతంతో మెచ్చదగిన పనులు చేశాడు, మెఖెలెన్ చర్చి కోసం మేరీమాత విగ్రహాన్ని మా ఇంట్లో ఎవరి చేయీ పడకుండా ఒక్కడే చేశాడు, ఇంతకన్నా బాగా చేయగల శిల్పి దేశంలో లేడనుకుంటాను, నగర పెద్దలు ఇతన్ని ఆదరించాలి – ఇదీ దాని సారాంశం. రెండు నెలలు తిరక్కుండానే, మే 30న రూబెన్స్ కన్నుమూశాడు. ఫైదెర్బె 1697 వరకు జీవించి, మెఖెలెన్‌లో హాన్స్‌వైక్ చర్చికి రూపకల్పన కూడా చేశాడు.

రూబెన్స్ చిత్రశాలలో ఎందరో సహాయకులు పనిచేసేవారు. వారి చేయి పడిన చిత్రాలు కూడా ఆయన పేరు మీదే బయటికి వెళ్లేవి. అలాంటి మనిషి "ఇది ఒక్కడే చేశాడు" అని సంతకం పెట్టడం చిన్న సంగతి కాదు.

మిత్రులారా, మనలో చాలామంది ఇప్పుడు పదిమంది చేత పని చేయించే స్థానాల్లో ఉన్నాం. కుర్రవాళ్ల పని మన పేరు మీద పైకి పోవడం మామూలైపోయింది. తరగతిలో నలుగురి ముందూ "ఈ లెక్క వీడే చేశాడ్రా" అన్న మన మాస్టార్ల మాట మనల్ని ఎంత దూరం నడిపించిందో మనకు తెలుసు. ఆ మాట మన దగ్గర పనిచేసే పిల్లలకు కూడా బాకీ ఉన్నాం.