క్రియ చివర వచ్చే లెక్క

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల మన పాఠశాల చరిత్రను నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా తెలియజేశారు. నేను ఒక తండ్రి అడిగిన ప్రశ్నను గురించి, ఒక చిన్న లెక్కను గురించి మాత్రమే మనవి చేయదలచుకున్నాను.

గత విద్యాసంవత్సరం ఆరంభంలో ఒక తండ్రి తన కుమార్తె టి.సి. కోసం నా గదికి వచ్చారు. ఆయన కూడా ఈ బడిలో చదివినవారే. "అమ్మా, ఈ బడి అంటే నాకు గౌరవమే. కానీ తెలుగులో ఆలోచించే పిల్లకు రేపు కంప్యూటర్ ఎలా పట్టుబడుతుంది?" అని అడిగారు. మాతృభాష గొప్పతనాన్ని గురించి నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. అవి ఆయన ప్రశ్నకు సమాధానం కావని చెబుతూ ఉండగానే నాకు తెలిసింది. ఆయన టి.సి. తీసుకొని వెళ్లారు. ఆయనను నేను తప్పుపట్టను. బిడ్డ భవిష్యత్తును గురించి భయపడని తండ్రి ఉండడు.

ఆ తరువాత కొన్ని నెలలకు, పూర్వ విద్యార్థులు ఇచ్చిన కంప్యూటర్లలో ఒకదానిలో ఒక వింత కాలిక్యులేటర్ కనిపించింది. అందులో 'సమానం' మీట లేదు. నేను అలవాటు ప్రకారం 12 కొట్టి కూడిక గుర్తు నొక్కాను. కూడడానికి సంఖ్యలు చాలవన్న సందేశం తెరపై వచ్చింది. మరల ప్రయత్నించినా అదే జరిగింది. ప్రోగ్రాము పాడైనదని నిర్ణయించుకున్నాను. నా వెనుక నిలబడిన ఏడవ తరగతి బాలిక మెల్లగా, "టీచర్, ముందు రెండు అంకెలూ ఇవ్వండి. ఆ తరువాత కలపమని చెప్పండి" అన్నది. 12 కొట్టి, ఎంటర్ నొక్కి, 8 కొట్టి, కూడిక గుర్తు నొక్కాను. 20 వచ్చింది.

దీనిని రివర్స్ పోలిష్ నొటేషన్ అంటారు. పోలండ్ దేశపు తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషెవిచ్ 1924లో ఒక పద్ధతిని కనుగొన్నారు. చేయవలసిన క్రియ గుర్తును ముందు వ్రాసి, సంఖ్యలను దాని తరువాత వ్రాస్తే కుండలీకరణాల అవసరమే ఉండదు. ఆ క్రమాన్ని తిరగవేసి, సంఖ్యలు ముందు, గుర్తు చివర ఉంచినదే ఈ పద్ధతి. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 1972లో విడుదల చేసిన హెచ్.పి.-35 అనే చేతి కాలిక్యులేటర్ ఈ పద్ధతిలోనే పనిచేసినది.

పిల్లలకు నల్లబల్లపై ఒక లెక్క ఇచ్చాను. 12, 8ల మొత్తాన్ని, 15, 6ల భేదంతో గుణించాలి. సరియైన జవాబు 180. కుండలీకరణాలు మరచి వరుసగా మీటలు నొక్కితే మామూలు దుకాణపు కాలిక్యులేటర్ 294 అంటుంది, సైంటిఫిక్ కాలిక్యులేటర్ 126 అంటుంది. మన పిల్లలు కొత్త యంత్రంలో ఇలా చేశారు: 12, ఎంటర్, 8, కూడిక, 15, ఎంటర్, 6, తీసివేత, చివర గుణకారం. 180 వచ్చింది. అంకెల మీటలు కాక, కుండలీకరణాలతో అయితే ఎనిమిది మీటలు నొక్కాలి. ఇక్కడ అయిదు చాలును.

ఇది ఎలా జరుగుతుందో మధ్యాహ్న భోజనపు కంచాలతో చూపించాను. కంచాల దొంతరలో చివర పెట్టినదే ముందుగా చేతికి వస్తుంది. యంత్రం కూడా సంఖ్యలను అలాగే దొంతరగా పేర్చుకుంటుంది. క్రియ గుర్తు రాగానే పైనున్న రెండింటిని తీసి, ఫలితాన్ని తిరిగి దొంతరపై ఉంచుతుంది. పై లెక్కలో 20 అడుగున వేచి ఉండగా 9 దాని మీదికి వచ్చినది. గుణకారంతో రెండూ కలిసిపోయినవి.

నాకు కష్టమైనది ఆ బాలికకు ఎందుకు సులువైనది? "పన్నెండుకు ఎనిమిది కలుపు" అంటాము మనం. మన వాక్యంలో క్రియ చివరనే వస్తుంది. ఆమె తన భాషలో లెక్కను పలికినది. నేను బల్లపై వ్రాసే గుర్తుల వరుసకు అలవాటుపడి, నా భాషను ఆ క్షణంలో మరచిపోయాను.

అయితే భాష అంతటినీ యంత్రం ఎరుగదు. ఒక బాలుడు "ఆరును పదిహేను నుండి తీసివేయి" అనుకొని 6, ఎంటర్, 15, తీసివేత నొక్కాడు. రుణ సంఖ్య తొమ్మిది వచ్చినది. తెలుగులో ఆ వాక్యం తప్పు కాదు. 'ను', 'నుండి' అనే విభక్తులు అర్థాన్ని కాపాడతాయి. యంత్రానికి విభక్తులు లేవు, వరుస ఒక్కటే ఉన్నది. విభక్తి ఎందుకు అవసరమో నేను వ్యాకరణ పాఠంలో ఇంతకంటె బాగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

దీనినిబట్టి తెలుగు చదివినవారికే కంప్యూటర్ వస్తుందని నేను అనడం లేదు. క్రియను చివర ఉంచడం తెలుగు సొత్తు మాత్రమే కాదు. హోసూరు ప్రాంతంలో మన చుట్టూ వినిపించే తమిళం, కన్నడం కూడా అలాంటివే. ఈ పద్ధతితో పనిచేసే కాలిక్యులేటర్లూ కొన్నే. ఆంగ్లం మన పిల్లలకు తప్పనిసరిగా రావాలి. దానిని ఇంకా బాగా నేర్పవలసిన బాధ్యత మా ఉపాధ్యాయులది. తమిళం కూడా చక్కగా రావాలి. నేను చెప్పదలచినది ఒక్కటే: తెలుగులో ఆలోచించడం కంప్యూటర్‌కు అడ్డు కాదు. ఆలోచన స్పష్టంగా ఉంటే యంత్రం ఏ వరుస కోరినా పిల్లలు ఆ వరుసను అందుకుంటారు. ఆలోచన స్పష్టమయ్యేది బిడ్డకు బాగా తెలిసిన భాషలోనే.

ఆ తండ్రికి ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఇది. ఆయన ఈ సభలో ఉన్నారో లేదో తెలియదు. ఉంటే, ఆయన కుమార్తె ఏ బడిలో చదివినా ఒక శనివారం ఇక్కడికి తీసుకొని రావలసినదిగా కోరుతున్నాను. కంప్యూటర్ గది తలుపు ఆమెకు తెరచియే ఉంటుంది.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీరు యంత్రాలు ఇచ్చారు, కృతజ్ఞులము. ఇక మీ సమయం కూడా ఇవ్వండి. నెలకు ఒక పూట వచ్చి, మీ వృత్తిలో మీరు చేసే పనిని మన పిల్లలకు వారి మాటలలో చెప్పండి. కంప్యూటర్‌కు తెలుగు అడ్డు కాదని నేను చెప్పడం కంటె, ఇదే బల్లలపై కూర్చొని చదువుకున్న మీరు వచ్చి నిలబడితే తల్లిదండ్రులు నమ్ముతారు.