ఒక తొట్టి చాలదా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు డెబ్బై నాలుగేళ్లు. ఒక ప్రభుత్వ వర్క్‌షాపు స్టోర్సు సెక్షనులో గుమాస్తాగా పనిచేశాను. ఈరోజు నేను వ్రాసిన ఒక అభ్యంతరం గురించి మనవి చేస్తాను.

1986లో యంత్రభాగాలు కడిగే మెషీను కొనాలని ప్రతిపాదన వచ్చింది. దానికి మూడు గదులు. మొదటి గదిలో క్షారం కలిపిన వేడినీళ్లు జోరుగా కొట్టి జిడ్డు వదలగొడతాయి. రెండో గదిలో మంచినీళ్లతో జాడింపు. మూడో గదిలో వేడిగాలితో ఆరబెట్టడం. నేను ఫైలు మీద "కడుగుటకు ఒక తొట్టి చాలును. మూడు గదుల ఆవశ్యకత వివరించవలెను" అని వ్రాశాను. ఫైలు వెనక్కి వెళ్లింది. తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లూ మా ఫిట్టర్లు కిరోసిన్ తొట్టిలో చేతులు ముంచి బేరింగులు, గేర్లు కడిగారు. ఒకరోజు పెద్ద మేస్త్రీ నా బల్ల దగ్గరకు వచ్చి చేతులు చాపాడు. చర్మం పగిలి, వేళ్ల సందుల్లో పుండ్లు. "గుమాస్తా గారూ, మీ ఇంట్లో అమ్మగారు అంట్లు తోమిన నీళ్లతోనే గిన్నెలు కడిగేస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అసలు సంగతి అదే. నీళ్లలోకి వదిలిన నూనె మళ్లీ భాగానికే అంటుకుంటుంది. క్షారం జాడించకపోతే మచ్చ మిగులుతుంది. తడి ఆరకపోతే ఇనుము తుప్పు పడుతుంది. ముందుగది మిగిల్చినదాన్ని తీయడానికే వెనుకగది. మెషీను వచ్చాక కిరోసిన్ తొట్టి మూలకు చేరింది. మేస్త్రీ చేతులు మాత్రం పూర్తిగా మానలేదు.

ఇంకొక మాట. ఆ కాలంలో కొన్ని కర్మాగారాల్లో ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రవాన్ని మరిగించి, ఆ ఆవిరితో జిడ్డు తీసే యంత్రాలు వాడేవారు. అది మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. మనలోగాని, మన బంధువుల్లోగాని అటువంటి చోట పనిచేసినవారుంటే డాక్టరుగారికి ఆ సంగతి తప్పక చెప్పండి. భయపెట్టడానికి కాదు, మనం చెప్పకపోతే వారికి తెలియదు కనుక.

ఆవశ్యకత అడగడం గుమాస్తా విధే. కాని అడిగేముందు ఒకసారి షెడ్డుదాకా వెళ్లి చూడవలసింది. నా బల్లకూ షెడ్డుకూ మధ్య దూరం వంద గజాలే.

సెలవు.