'కనీస మద్దతు' గీత కింద ఎవరున్నారు?

(కదిర్కామంలో పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డేటాలో పదే పదే కలిసి వచ్చే అంశాలను వెతికే పద్ధతుల్లో మనం మొదట చదివేది అప్రియోరి. రాకేశ్ అగర్వాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ 1994లో దీన్ని ప్రకటించారు. దుకాణం బిల్లుల్లో ఏ సరుకులు కలిసి అమ్ముడవుతున్నాయో కనిపెట్టడం అప్పటి అవసరం. ఇవాళ ఈ తరహా పద్ధతులను రోగ లక్షణాలకూ, జన్యువులకూ, వెబ్‌సైట్ల వాడకానికీ ఉపయోగిస్తున్నారు.

ఇందులో చిక్కంతా లెక్క పెరిగిపోవడం. 20 అంశాలుంటే 10,48,575 కలయికలు సాధ్యం. అన్నీ లెక్కించలేం కనుక ఒక గీత గీస్తాం. దాని పేరు కనీస మద్దతు. ఒక అంశమే ఆ గీత దాటకపోతే, అది ఉన్న ఏ కలయికా దాటదు. అందుకే దాన్ని మొదటి వడపోతలోనే తీసేస్తాం. గణితపరంగా ఇందులో తప్పు లేదు. కానీ గీత ఎక్కడ గీయాలో గణితం చెప్పదు. అది మన నిర్ణయం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఇక్కడ కదిర్కామంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అలాంటి చోట లక్ష ఓపీ చీట్లు మన చేతికొచ్చాయనుకోండి. వాటిలో మురుగు కాలువలు శుభ్రం చేసేవారివి 200. వారిలో 120 మందికి కళ్ల మంట, ఆయాసం కలిసి ఉన్నాయి. కనీస మద్దతు ఒక శాతం పెడితే 1,000 చీట్లు కావాలి. 'మురుగు పని' అనే అంశమే తొలి వడపోతలో పోతుంది. ఆ పనివారిలో 60 శాతం మందిని పట్టిన బాధ ఫలితాల్లో కనిపించదు. అలాంటి సరళి ఏదీ లేదని మనం పేపర్ రాసేస్తాం. ఆ పని ఏ కులాల నెత్తిన పడిందో ఈ సభకు చెప్పనక్కర్లేదు.

గీతను బాగా కిందికి దించితే అర్థంలేని కలయికలు లక్షల్లో వచ్చి పడతాయి. దీన్నే అరుదైన అంశాల సమస్య అంటారు. 1999లో బింగ్ లియు బృందం అంశానికో గీత పెట్టే దారి చూపింది. 2009లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నుంచి ఆర్. ఉదయ్ కిరణ్, పి. కృష్ణారెడ్డి దాన్ని మెరుగుపరిచారు. కాబట్టి సాధనం లేదనే సాకు చెల్లదు.

అయితే చీటీ మీద వృత్తి అనే గడే లేకపోతే ఏ అల్గారిథమూ ఏమీ చేయలేదు. అలాంటి ఖాళీ గడిని మన దేశంలో ఉద్యమం నింపింది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ సహచరులు ఊరూరా వివరాలు పోగుచేశారు. తమ దగ్గర పాకీపనే లేదన్న ప్రభుత్వాలకు అదే జవాబైంది. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని 2014 మార్చి 27న కోర్టు ఆదేశించింది. 2023లో మరో తీర్పు ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది.

మన వంతు పని చిన్నదే. గీత ఎంతో, ఎందుకంతో థీసిస్‌లో రాయండి. గీత కింద రాలిపోయిన అంశాల జాబితా అనుబంధంలో ఇవ్వండి. వృత్తి, కులం గడులుంటే సముదాయాల వారీగా విడదీసి మళ్లీ లెక్కించండి. లేకపోతే లేవని రాయండి. పరీక్షకులు అడగకపోయినా రాయండి.

జై భీమ్.